విడిచిన చొక్కా

ఒప్పుకున్నది తను. పిల్ల వెళ్ళి వేలాడింది మాత్రం మేనమామ మెడ పట్టుకుని.

మరకలాయన ఆ ముచ్చట కళ్ళతో చూడను కూడా లేదు, షాపులోంచి విన్నాడు. ఎంత మొండి మరకైనా వదలగొడతాడని వీధంతా అతన్ని ఆ పేరుతోనే పిలుస్తుంది. లాండ్రీ ముందు గదిలో ఉంటుంది, ఇల్లు వెనక. మధ్యలో ఒక్క తలుపు. ఆ తలుపు అవతలి నుంచి "నిజంగానా మావయ్యా? నిజంగానా?" అని కూతురు పిచ్చుక కేక, ఆ వెంటే దబదబా గెంతుళ్ళు వినబడ్డాయి. చొక్కా మీద ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగిపోయింది. చటుక్కున ఎత్తాడు. అదృష్టం బాగుండి గుడ్డ మాడలేదు.

కుక్కపిల్ల కావాలని పిల్ల అడగడం మొదలుపెట్టి చాలా కాలమైంది. అడిగినప్పుడల్లా కాదన్నాడు. కాదనడానికి కారణం ఉంది మరి. నల్లకోటు మీద ఒక్క వెంట్రుక కనబడితే ఆ కోటాయన మళ్ళీ ఈ గుమ్మం తొక్కడు. అలాంటిది నిన్న, అన్నం దగ్గర, ఏమనిపించిందో భార్యతో "సరే, తెచ్చుకుందాంలే" అనేశాడు. "పిల్లకి నేనే చెప్తాను, నువ్వు చెప్పకు" అని కూడా అన్నాడు. సాయంత్రం షాపు కట్టేశాక ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముందు బడి కబుర్లేవో అడిగి, లేవబోతూ లేవబోతూ ఆ మాట చెప్పాలని అతని ఆలోచన. పొద్దుటినుంచీ ఎన్ని చొక్కాలు మడతపెట్టాడో అన్నిసార్లు ఆ మాటా మనసులో మడతపెట్టుకున్నాడు. ఈలోగా భార్య తమ్ముడికి చెప్పింది. తమ్ముడు కడుపులో దాచుకోలేదు. అక్కాతమ్ముళ్ళిద్దరికీ నోట్లో నువ్వుగింజ నానదు.

"నేనేం కావాలని చెప్పానా? నోరు జారింది" అంది భార్య, ఆసుపత్రి కౌంటరు డ్యూటీకి తయారై వెళ్తూ. "ఎవరు చెబితే ఏంటండీ, పిల్ల సంతోషపడింది కదా."

"ఎవరు చెబితే ఏం లేదు" అన్నాడు. తర్వాతి చొక్కా కాలరు మీద నీళ్ళు చల్లలేదు, కుమ్మరించాడు.

ఊరికే పుట్టిన ఉడుకుమోత్తనం కాదది. ఆ పిల్లకి తను ఏరికోరి పెట్టిన పేరొకటుంది. బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప అది ఎక్కడా వినబడదు. ఉయ్యాల్లో ఉండగా మేనమామ వంగి చూసి "ఇదేంట్రా, పిచ్చుకలా నోరు తెరుస్తోంది" అన్నాడు. అంతే, వీధంతా పిచ్చుకే. చివరికి తన నోట్లోంచి కూడా అదే వస్తుంది, అదీ బాధ. పంటి నొప్పయినా, లెక్క రాకపోయినా, కలొచ్చినా పిల్ల ముందు మేడమీది గదికి పరిగెడుతుంది. ఫ్రిజ్‌లు బాగుచేసే ఆ మనిషికి పెళ్ళీ లేదు, పెందలాడే లేచే పనీ లేదు. కంపెనీవాళ్ళిచ్చిన నీలం టీషర్టులు అరడజను ఉన్నాయి, అన్నీ ఒకటే రంగు, ఒకటే అచ్చు. వాటిలో ఏదో ఒకటి తగిలించుకుని, మెట్లు దిగుతూ దిగుతూ ఎవరినో ఒకరిని నవ్విస్తాడు. ఎవరినైనా నవ్వించనీ, తన కూతుర్ని మాత్రం తన ఎదుటే అంతలా నవ్విస్తే మరకలాయనకి ఒళ్ళు మండుతుంది. అది ఎవరితో చెప్పుకునే మాటా కాదు. బావమరిది మంచివాడు. అతని మీద చెప్పడానికి చాడీ ఒక్కటి కూడా దొరకదు. ఆ దొరక్కపోవడంతోనే సగం కుళ్ళు.

*

శనివారం మరకలాయన, పిచ్చుక, బావమరిది ముగ్గురూ బేకరీకి వెళ్ళారు. బేకరీ ఆవిడ ఏప్రాన్లన్నీ అతని దగ్గరికే ఉతుక్కి వస్తాయి. వాళ్ళ కుక్క ఈనిందని పిచ్చుకకి చెప్పింది కూడా ఆవిడే.

పెరట్లో, ఖాళీ నూనె డబ్బాల పక్కన, చింకి దుప్పటి మీద తల్లి పడుకుని ఉంది. పిల్లలు నాలుగు. పిచ్చుక ఒక్క మాట కూడా మాట్లాడకుండా నేలమీద బోర్లా పడుకుని గడ్డం కింద చేతులు పెట్టుకుంది. ఉతికిన గౌనుతో. మరకలాయన ఆ గౌను వైపు ఒకసారి చూసి, ఇవాళ్టికి పోనీలే అనుకున్నాడు.

అతను మాత్రం పనిమీద వచ్చాడు. జేబులోంచి నల్ల మఖమలు ముక్క తీసి, ఒక్కొక్క పిల్లనీ పట్టుకుని వీపు మీద మెడ నుంచి తోకదాకా రుద్ది, గుడ్డని వెలుతురులో పెట్టి చూడటం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నారన్నగారూ?" అంది బేకరీ ఆవిడ.

"ఏది ఎంత రాలుస్తుందో చూస్తున్నానమ్మా."

"బావా, మా అక్కని చేసుకునేముందు కూడా ఇలాగే గుడ్డతో రుద్ది చూశావా?" అన్నాడు బావమరిది.

బేకరీ ఆవిడ పకపకా నవ్వింది. లోపల పిండి కలిపేవాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వితే నవ్వారు. పిచ్చుక కూడా నేలమీదే దొర్లి దొర్లి నవ్వింది. మరకలాయన గుడ్డని మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు.

మూలన తల్లి తోకని ఆనుకుని నిద్రపోతున్న బూడిదరంగు పిల్ల అసలు రాల్చడం లేదు. రెండు వెంట్రుకలు వచ్చాయేమో, అంతే. దాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, "చూడమ్మా, ఇది ఎంత నెమ్మదిగా ఉందో" అన్నాడు. పిచ్చుక చూసింది, కాదనడానికి లేదు. కానీ సరిగ్గా అప్పుడే చెవి మీద తెల్లమచ్చ ఉన్నదొకటి బావమరిది బూటులేసు పట్టుకుని వెనక్కి లాగడం మొదలుపెట్టింది. "అయ్యో, అయ్యో, నా బూటు! పట్టుకోండి దొంగని!" అని అతను ఒంటికాలి మీద గంతులేశాడు. పిచ్చుక కళ్ళు ఇక ఇటు తిరగలేదు.

బేకరీ ఆవిడ ఒక డబ్బా మూత తెచ్చి బండ మీద ధడాలున పడేసింది. పిల్లలన్నీ తల్లి కిందికి దూరిపోయాయి. "ఇప్పుడు చూడండి, ఎవరు ముందు తిరిగొస్తారో. భయపడటం తప్పు కాదు, భయపడ్డాక తిరిగొచ్చి చూసేదే గట్టి పిల్ల" అంది. మచ్చచెవిది ముందుగా వచ్చింది. మూత చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, దాని మీద కూర్చుని ఉచ్చ పోసింది.

"ఇదే" అంది పిచ్చుక.

అంటూ ఒకసారి తండ్రి చేతిలో నల్లగుడ్డని చూసింది. "నాన్నా, ఇది ఎక్కువ రాలుస్తుందా?"

అన్నిటికంటే ఎక్కువ రాల్చింది అదే. నల్లగుడ్డ తెల్లబడింది. మరకలాయన దాన్ని జేబులో కుక్కుకుని, "రాలిస్తే రాలుస్తుందిలే" అన్నాడు. అనడానికి ఎంత కష్టమైందో అతనికి తెలుసు. ఆ మాటకి కూతురి ముఖం ఎలా మారుతుందో చూద్దామనుకునేలోపే బావమరిది దాన్ని భుజాల మీదికి ఎత్తేసుకున్నాడు. ముఖం అంత పైకి వెళ్ళిపోయింది, కనబడలేదు.

వచ్చేముందు బేకరీ ఆవిడ అరచేతుల పిండి దులుపుకుంటూ చెప్పింది. "వచ్చే శనివారం తీసుకెళ్ళండి. ఈలోగా ఒక పని చెయ్యాలి. పగలంతా దీని దగ్గర ఉండేదెవరో, వాళ్ళు తొడుక్కుని విడిచిన గుడ్డ ఒకటి పంపండి. ఉతక్కండి. వీటి పక్కలో పడేస్తాను. తల్లి వాసనా, ఆ మనిషి వాసనా కలిసిపోతాయి. గుడ్డతో సహా తీసుకెళితే కొత్తింట్లో బెంగపెట్టుకోదు. ఆ వాసన ఎవరిదో వాళ్ళనే ముందు నమ్ముకుంటుంది."

మొదట్లో చెప్పిన జాగ్రత్తలు మరకలాయన చెవికి ఎంతవరకు ఎక్కాయో కానీ, ఆ చివరి మాట మాత్రం బాగా ఎక్కింది. ఎందుకంటే అది వినగానే పిచ్చుక మేనమామ చెవి పట్టుకు వంచి ఏదో గుసగుసలాడింది. అతను ఏదో అన్నాడు. ఇద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వుకున్నారు.

"ఏంటట?" అన్నాడు మరకలాయన.

"ఏం లేదు నాన్నా."

*

ఆదివారం ఇల్లంతా కుక్కపిల్ల కోసం తలకిందులైంది. సబ్బు డబ్బాలు, మరకలు తీసే మందుసీసాలు కింది అరల్లోంచి పై అరల్లోకి ఎక్కాయి. వైర్లన్నీ గోడకి మేకులు కొట్టించుకున్నాయి. చెప్పులు అలమరలోకి వెళ్ళాయి. భార్య పాత స్టీలు గిన్నెలు రెండు తోమి పక్కన పెట్టి, "మనింట్లో దీనికున్న మర్యాద నాకు లేదు" అంది. మేడమీద బావమరిది ఫ్రిజ్‌లు ప్యాకింగు చేసి వచ్చే చెక్కలు కోసి, కుక్కపిల్లకి పడక పెట్టె తయారుచేస్తున్నాడు. రంపం చప్పుడు, సుత్తి చప్పుడు, మధ్యమధ్య పిచ్చుక నవ్వు మెట్ల మీంచి కిందికి దిగుతున్నాయి.

మరకలాయనకి కూడా ఒక పని ఉంది. షాపుకీ ఇంటికీ మధ్య గుమ్మానికి మోకాలెత్తు తలుపు బిగించాలి. అది లేకపోతే కుక్కపిల్ల తిన్నగా కోట్ల మధ్యకి వస్తుంది. నిజానికి అన్నిటికంటే అవసరమైన పని అదే. కానీ పెట్టె దగ్గర ఉన్న సందడి తలుపు దగ్గర ఉండదు కదా. ఒక్కడే కొలతలు తీసుకుని ప్లైవుడ్ ముక్క మీద పెన్సిలు గీత గీస్తుండగా పిచ్చుక వచ్చింది. చేతిలో నీలం టీషర్టు.

"నాన్నా, ఇది వేసుకో. నీ చొక్కా పాడైపోతుంది."

"ఎవరిదది?"

"మావయ్యదే. ఉతికిందే."

"ఉతికింది నేనేగా, తెలుసు. నాకక్కర్లేదు."

"వేసుకో నాన్నా!" పిల్ల కాళ్ళు నేలకి కొట్టింది. దేనికింత పట్టుదల? తండ్రిని కూడా మావయ్యలా చూసుకోవాలని సరదా పుట్టింది కాబోలు అనుకున్నాడు. అయినా వేసుకున్నాడు. బావమరిది ఒడ్డూ పొడుగూ వేరు. అందులో మరకలాయన కొక్కేనికి తగిలించినట్టు ఉన్నాడు. "ముద్దుగా ఉన్నారు" అని భార్య పక్కకి తిరిగి నవ్వుకుంది.

ఆ పూటంతా అందులోనే పనిచేశాడు. కోశాడు, చిత్రిక పట్టాడు, కీలు బిగించాడు, బిగించింది వంకరైతే విప్పి మళ్ళీ బిగించాడు. చెమట ధారలు కట్టింది. మధ్యలో రెండుసార్లు టీషర్టు తీసెయ్యబోతే పిచ్చుక ఎక్కడినుంచో ఊడిపడి "ఇంకాసేపు ఉంచుకో, ఇంకాసేపు" అంది. తలుపు పూర్తయి, చిన్న గడియ టక్కున పడ్డాక, ఆ టీషర్టు తీసి ఉతికే బట్టల్లో వెయ్యబోయాడు. పిల్ల అతని చేతిలోంచి లాక్కుని, చుట్టచుట్టి, గుండెకి హత్తుకుని మెట్లెక్కి పారిపోయింది.

"ఉతకాలే అది!" అని అరిచాడు.

"మావయ్యకి ఇచ్చేస్తా!" అని పైనుంచి జవాబు.

కొత్త తలుపు ఎలా ఉందో ఆ పిల్ల చూడనేలేదు.

*

బుధవారం పొద్దున్న, బడికి బయల్దేరుతూ, పిచ్చుక షాపులోకి వచ్చి బల్ల మీద ఒక ప్లాస్టిక్ సంచి పెట్టింది. మూతి దారంతో కట్టేసి ఉంది, ముడి మీద ముడి.

"నాన్నా, ఏప్రాన్లు ఇవ్వడానికి బేకరీకి వెళ్తావుగా? ఇది ఆంటీకి ఇచ్చెయ్. కుక్కపిల్ల గుడ్డ. నువ్వు విప్పొద్దు, సరేనా? ఒట్టు?"

"నాకేం పని విప్పడానికి" అన్నాడు. మెట్ల మీంచి బావమరిది తొంగిచూసి పిల్లకేసి కన్నుకొట్టాడు. అది అతను చూశాడు.

పిల్ల వెళ్ళిపోయింది, భార్య వెళ్ళిపోయింది, బావమరిది స్కూటరు చప్పుడు వీధి చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. సంచి మిగిలింది. మరకలాయన దానికి వీపు పెట్టి రెండు ప్యాంట్లు ఇస్త్రీ చేశాడు. మూడోదానికి మడత కుదరలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి వచ్చి, వేళ్ళతో సంచిని నొక్కి చూశాడు. మెత్తగా ఉంది. పలచటి ప్లాస్టిక్ వెనక రంగు కనబడుతోంది. నీలం.

ముడులు విప్పడం అతనికి చేతనైన పని. దారం తెగకుండా విప్పాడు.

టీషర్టే. నలిగి, చెమటకి గట్టిపడి, చంకల్లో తెల్లటి ఉప్పుచారలతో ఉంది. దులిపితే చెక్కపొట్టు రాలింది. పడక పెట్టె కోసినప్పటిది అనుకున్నాడు. అంచు దగ్గర నూనె మరక. ఫ్రిజ్ కంప్రెషరు నూనె, ఉతికినా పోని పాతది. చూడగానే ఎవరి వృత్తి మరకో అతనికి తెలియనిది కాదు. బావమరిది అరడజను టీషర్టులకీ అది ఉంటుంది.

అంతా వచ్చి కళ్ళ ముందు నిలబడింది. పగలంతా దాని దగ్గర ఉండేదెవరట? భార్య ఆసుపత్రికి, పిల్ల బడికి, ఆ పెద్దమనిషి ఊళ్ళోని ఫ్రిజ్‌ల దగ్గరికి పోతే, ఇంట్లో ఉండేది తను. గిన్నెలో నీళ్ళు పోసేది, చేసిన పాడుపనులన్నీ తుడిచేది, కోట్ల మీద వెంట్రుకలు ఏరుకునేది తను. నమ్ముకోవాల్సింది మాత్రం మావయ్యని. ఒప్పుకున్నప్పుడు ఏం జరిగిందో ఇప్పుడూ అదే జరుగుతోంది. రేప్పొద్దున ఆ కుక్క కూడా తనని దాటుకుని మెట్లెక్కుతుంది.

"కుక్కని కూడానా?" అన్నాడు పైకే. షాపులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

టీషర్టుని బల్ల మీద పరిచాడు. నూనె మరక కింద తెల్లటి గుడ్డ మడిచి పెట్టి, మందుసీసా దించి, దూదితో గుడ్డ వెనకవైపు నుంచి అద్దాడు. అంచు నుంచి మధ్యకి, చిన్నచిన్న దెబ్బలతో. కింది గుడ్డ నూనె తాగేకొద్దీ జరిపాడు. మళ్ళీ అద్దాడు. ఇన్నాళ్ళూ పోని మరక, ఇవాళ ఉన్న కసి మీద, అచ్చుకూడా లేకుండా పోయింది. చంకలకి వేరే మందు, కాలరుకి బ్రష్షు, తర్వాత రెండుసార్లు వేడినీళ్ళ ఉతుకు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ఆ టీషర్టు ఇక ఏ మనిషిదీ కాదు. ఇస్త్రీ చేసి, బావమరిది బట్టల దొంతరలో అడుగున పెట్టేశాడు. తప్పుడు పనైనా సరే, పద్ధతి తప్పి చేయడం ఆయనకి రాదు.

ఇక సంచిలోకి తన గుడ్డ కావాలి. నిన్న విడిచిన తెల్లచొక్కా కొక్కేనికే ఉంది. తీశాడు. మడవబోతుంటే కాలరు గీత కనబడింది. బేకరీలో నలుగురు తిరిగే చోటు, అందరూ తన ఖాతాదారులే. మరకలాయన ఇంటినుంచి మురికి కాలరు వెళ్ళిందంటే ఏం బాగుంటుంది? కాలరు ఒక్కటే కదా అని బ్రష్షుతో రెండు దెబ్బలు వేశాడు. కాలరు తెల్లబడేసరికి మణికట్టు పట్టీలు వెలవెలబోయాయి. అవి కూడా తోమేసరికి మధ్యలో ఉన్నదంతా ఏడుపుముఖం పెట్టింది. మనసంతా బావమరిది మీదే ఉంది, ఏవేవో జవాబులు కూర్చుకుంటోంది. చేతులు మాత్రం వాటి దారిన అవి పోయాయి. ఉతికాయి, ఆరబెట్టాయి, గంజి చల్లాయి, ఇస్త్రీ చేశాయి, లోపల అట్టముక్క పెట్టి మడతవేశాయి. సంచిలో పెట్టి, ముడి మీద ముడి వేసి, ఏప్రాన్లతోపాటు బేకరీలో ఇచ్చి వచ్చాడు. ఆ పూట మనసు తేలికపడి రెండు టీలు తాగాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం బేకరీ ఆవిడే షాపుకి వచ్చింది. చంకలో అతని తెల్లచొక్కా. అట్టముక్క కూడా అలాగే ఉంది.

"అన్నగారూ, మీకో దణ్ణం" అంది, నవ్వాపుకుంటూ. "కుక్కపిల్లకి గుడ్డ పంపమంటే ఆఫీసుకి పంపినట్టు పంపారేంటండీ? గంజి వాసనకి పిల్లలన్నీ తుమ్ములు. తల్లయితే ముక్కుతో తోసి అవతల పడేసింది. ఉతక్కండి అని చెప్పానా లేదా?"

మరకలాయన చొక్కా వైపు చూశాడు. మడత నలగను కూడా లేదు. తను ఏం చేశాడో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది కానీ, నవ్వు కూడా వచ్చింది. "అలవాటమ్మా, చెయ్యి ఊరుకోదు" అన్నాడు.

"అయినా ఇదెందుకు వచ్చింది? మీ పిచ్చుక నీలం టీషర్టు పంపిస్తానంది కదా. ఆదివారం రోజంతా మీచేత తొడిగించిందట కదా? నాన్న విడిచిన గుడ్డ విడిచినట్టు ఉతికేస్తాడు ఆంటీ, మా ఇంట్లో నాన్న వాసన దొరకదు, అందుకని మావయ్యది తొడిగించి లాక్కున్నాను అని, వచ్చిన రోజల్లా అదే కథ. మీకు చెప్పొద్దందండీ. చెబితే ఇస్త్రీ చేసి ఇస్తారని వాళ్ళ మావయ్య అన్నాడట." ఆవిడ ఇక ఆపుకోలేక నవ్వేసింది. "తెలిసిందా మీకు ఎలాగో?"

అతను నవ్వలేదు. ఆవిడ ఇంకా ఏదో అంది, చొక్కా బల్ల మీద పెట్టి వెళ్ళింది. మరకలాయన బావమరిది బట్టల దొంతర దగ్గరికి నడిచి, అడుగునుంచి నీలం టీషర్టు లాగాడు. చంక దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు. సబ్బు. ఇంకోసారి పీల్చాడు. సబ్బే. ఆ చెక్కపొట్టు తను కోసిందే, ఆ ఉప్పుచారలు తనవే. పిల్ల గుండెకి హత్తుకుని మెట్లెక్కింది తన చెమటని. ఎంత పనిమంతుడో, మరక మిగల్లేదు, ఏమీ మిగల్లేదు.

ఒక ఖాతాదారు వచ్చి కోటు అడిగితే ఇంకెవరిదో ఇవ్వబోయి, ఆయనే చెబితే మార్చి ఇచ్చాడు. తర్వాత షట్టరు సగానికి దించి, "ఇప్పుడే వస్తాను" అన్న అట్ట తగిలించి, బేకరీ వైపు నడిచాడు. మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు రోజూ చొక్కా మార్చుకుంటాడు. ఇవాళ ఆవిడ రాకతో భోజనమే లేదు. పొద్దుటినుంచి ఆవిరి దగ్గర నానిన చొక్కా వీపుకి అతుక్కుని ఉంది.

పెరట్లో తల్లి కుక్క అతన్ని చూసి తల ఎత్తింది. మరకలాయన అటూ ఇటూ చూశాడు. గుమ్మంలో బిస్కెట్ల తట్టతో ఒకామె, లోపల పిండి కలిపేవాళ్ళు. గుండీ ఊడిన చొక్కాతో కూడా తనని ఎవరూ ఎన్నడూ చూడలేదు. అందరి ముందూ గుండీలు విప్పి, చొక్కా తీసి, చేతులతో బాగా నలిపి, బనీనుతో నిలబడ్డాడు. చొక్కా దుప్పటి మీద పడగానే తల్లి వాసన చూసి, కాలితో దగ్గరికి లాక్కుని, దాని మీద గడ్డం పెట్టుకుంది. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మచ్చచెవిది నేరుగా చంకలోకి దూరి, రెండో చేతిలోంచి బయటికి రావాలని చూస్తోంది. మరకలాయన గొంతుకూర్చుని చూస్తూ, బడి వదిలే వేళదాకా అక్కడే ఉండిపోయాడు.

"నాన్నా?"

బడి సంచితో పిచ్చుక. రోజూ ఇటునుంచే ఇంటికొస్తుంది.

"చొక్కా ఏది నాన్నా?" అంది. తర్వాత దుప్పటి మీద చూసింది. "నీలంది ఏది?"

అబద్ధాలు రెండు మూడు నాలుక దాకా వచ్చాయి. దేనికీ మడత కుదరలేదు.

"ఉతికేశానే."

"విప్పొద్దన్నానుగా."

"విప్పాను. మావయ్యదనుకున్నాను."

"మావయ్యదైతే ఉతికేస్తావా?"

అతను నేల చూపు చూశాడు. పక్కన వచ్చి కూర్చున్న పిల్ల బూట్లు కనబడుతున్నాయి, ఒక బూటుకి లేసు ఊడిపోయి ఉంది. అది కట్టడానికి వంగాడు. అలా వంగి ఉంటే చెప్పడం కొంచెం సులువైంది.

"నాకు కుళ్ళొచ్చింది తల్లీ."

"మావయ్య మీదా?"

"ఊఁ."

నవ్వుతుందేమో అనుకున్నాడు, వెళ్ళి మావయ్యకి చెబుతుందేమో అనుకున్నాడు. పిల్ల గౌను అంచు దారం పీకుతూ కూర్చుంది. "నాక్కూడా వచ్చింది" అంది.

"నీకా? ఎవరి మీద? మావయ్య మీదా?"

"కాదు. దీని మీద." చొక్కా చేతిలోంచి ఇప్పుడే తల బయటపెట్టిన మచ్చచెవిదాన్ని చూపించింది. "నేను బడికి పోతాను. ఇది పొద్దుటినుంచీ నీ దగ్గరే ఉంటుంది. నాకు సెలవు ఉన్నప్పుడేమో నీకు షాపులో పని ఉంటుంది. షాపులోకొస్తే బట్టలు ముట్టుకోకు, ఆవిరి తగులుతుంది, అవతలికి పో అంటావు. దీన్ని మాత్రం అనవు, తలుపు కూడా చేశావు దీనికి. నిన్నే నమ్ముకుంటే దీనికి మంచిదని ఆంటీ అంది. అందుకని నీదే పంపించాను. పంపించినందుకు నాకు రెండు రోజులు ఏడుపొచ్చింది, ఇక్కడికి చూడ్డానికి కూడా రాలేదు."

మరకలాయన పిల్ల ముఖంలోకి చూశాడు. మూతి ముడుచుకుని, కింది పెదవి పంటితో పట్టుకుని, కళ్ళు నేలమీదికి దించుకుని ఉంది. ఇన్నాళ్ళూ తన ముఖం ఎలా ఉండి ఉంటుందో అప్పుడు చూశాడు. ఇన్నేళ్ళుగా పిల్ల మేడ మెట్లే ఎందుకు ఎక్కుతుందో ఆలోచించాడు కానీ, షాపు గుమ్మం దగ్గరికి ఎన్నిసార్లు వచ్చి వెనక్కి వెళ్ళిందో ఒక్కసారీ ఆలోచించలేదు.

లేసు ముడి బిగించి, చెయ్యి అలాగే పిల్ల కాలి మీద ఉంచాడు.

"సాయంత్రం నువ్వు బళ్ళోంచి రాగానే దీన్ని మేడమీదికి తోసేద్దాం, మీ మావయ్య చూసుకుంటాడు. నువ్వు షాపులోకి వచ్చెయ్."

"బట్టలు ముట్టుకుంటే?"

"ముట్టుకో. మడతలు నేర్పిస్తాను."

పిచ్చుక ముక్కు ఎగబీల్చింది. మచ్చచెవిది చొక్కాని ఈడ్చుకుంటూ వచ్చి వాళ్ళిద్దరి కాళ్ళ మధ్యా చతికిలబడింది.

"కాసేపే తోసెయ్యాలి" అంది పిచ్చుక. "తర్వాత వెళ్ళి మళ్ళీ తెచ్చుకుందాం."